నలభై నాలుగు డిగ్రీల మైనం

ఇక్కడ బరువు ముందు అడుగుతారు,
పేరు తరువాత.
సోహార్ రన్‌వే పక్కన రేకుల హ్యాంగర్‌లో
కెప్టెన్ హమూద్ గడ్డం గోక్కుంటూ అన్నాడు:
"పదకొండు కిలోలా?
ఆ కంప్రెసర్ ఎక్కితే నేను దిగాలి."

పద్నాలుగేళ్ళు ఏసీలు బాగుచేసినవాణ్ణి.
విల్లాల డాబాల మీద, కాలే సిమెంటు మీద మోకాళ్ళూని.
చల్లదనమంటే నాకు బరువే:
రాగి చుట్ట, ఇనుప పెట్టె, గ్యాసు బండ
భుజాన వేసుకుని నాలుగంతస్తులు.
మోయకుండా చల్లదనం వస్తుందని
నాకెవరూ చెప్పలేదు.

విమానం పొట్టలో లేజరు.
తుపాను తర్వాత వాదీలు ఎటు ఒత్తిగిలాయో
సెకనుకు లక్షసార్లు నేలను తడిమి చూస్తుంది.
దాని వెలుగు కంటికి కనపడదు.
వేడి మాత్రం అరచేతికి తెలుస్తుంది.
యాభై దాటిందా, మొండికేస్తుంది.
సగం వాదీ గీసి
మిగతా సగం తెల్లగా వదిలేస్తుంది.

ఇంజనీరు షమ్సా. ఆ పేరులో సూర్యుడున్నాడట.
చల్లబరిచే పనికి సూర్యుణ్ణే పెట్టారని వర్గీసు నవ్వితే
ఆమె కూడా నవ్వింది,
నవ్వుతూనే నా రాగి పలకను
తక్కెడ మీంచి తీసి పక్కన పెట్టింది.
"ఆ కొండల్లోంచే
వేల ఏళ్ళ కింద రాగి తవ్వి ఓడలకెత్తారు మావాళ్ళు.
ఓడ మోసింది.
ఇది ఓడ కాదు."

అల్యూమినియం రెక్కలు, బీడీ ఆకంత పలచన.
వాటి మధ్య మైనం పోయాలి. ఎంత? గ్రాముల్లో లెక్క.
గ్రాములంటే నాకు మా అక్క గంగామణి.
కోరుట్లలో చాట ఒళ్ళో పెట్టుకుని
వెయ్యి బీడీలకు ఇంత తంబాకని
చిటికెతో కొలిచేది.
కొంచెం తగ్గినా కార్ఖానాలో కట్ట విప్పి పారేస్తారు.
"కండ్లు మోసం జేస్తయ్‌రా, వేళ్లతోని తూచాలె."
ఆ వేళ్ళతోనే పోశాను.
పన్నెండు వందల నలభై పోయాల్సింది,
నలభై రెండు చూపించింది.
రెండు గ్రాములు గోటితో గీకాను.

మైనం చేసే పని చిన్నది.
నలభై నాలుగు దగ్గర కరగడం మొదలెడుతుంది.
కరుగుతున్నంతసేపూ ముల్లు కదలదు.
వేడి వస్తూనే ఉంటుంది
అది మింగుతూనే ఉంటుంది
తెర మీద అదే నలభై నాలుగు, నలభై నాలుగు.
మోటారు లేదు. చప్పుడు లేదు.
చివరి పలుకు కూడా నీరయ్యాక
ఇక ఆపేవాళ్ళుండరు.

"ఎంతసేపు?" హమూద్.
"యాభై రెండు నిమిషాలు" షమ్సా.
"యాభై" అన్నాను నేను.
ఆమె నా వైపు చూసి
యాభై అని రాసుకుంది.

మొదటి రోజు నలభై తొమ్మిదిలో దిగాడు.
వాదీ మొత్తం వచ్చింది, ఒడ్డున కొట్టుకుపోయిన
ఖర్జూరాల వరస, కొట్టుకుపోని ఒక్క గోడతో సహా.
పెట్టె విప్పి ఊపితే
లోపల గుడగుడ.

రాత్రయితే దానంతటదే గట్టిపడుతుంది.
మరి రెండో విమానానికి?
జులైలో మా హ్యాంగర్ నీడే నలభై ఆరు.
ఇంత లెక్క వేసినవాళ్ళం
ఇది మరిచాం.

అందుకే టీ గదిలో ఫ్రిజ్.
లబన్ సీసాలు, వర్గీసు చేపల కూర,
నా పచ్చిపులుసు డబ్బా
జరిగి జాగా ఇచ్చాయి.
పెట్టె మీద నాలుగు లిపుల్లో రాశాం, తినేది కాదని.
తెలుగులో నేను "ముట్టకుండ్రి" అని రాశాను,
చదివేవాణ్ణి నేనొక్కణ్ణే అయినా.

మూడింటికి పెట్టె రాయిలా గట్టిపడింది.
హమూద్ మళ్ళీ లేచాడు.
నేను అన్నానికి కూచుని డబ్బా తెరిచాను.
పచ్చిపులుసు గోరువెచ్చగా ఉంది.

వాదీ మీది వేడి.
కలుపుకుని తిన్నాను.